ఆగిన ఋతువు – అవాంఛిత రోమాలు: వైద్యం నడచిన చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయాలపై వ్యాసం రాయమని సంపాదకులు కోరినప్పుడు, రక్తపోటు గురించి, మధుమేహం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి రాసేవారు ఎలాగూ ఉంటారు గదా అనిపించింది. మన సభ్యుల్లో స్త్రీలు చాలామంది ఉన్నారు. సభ్యులైన పురుషుల ఇళ్ళలోనూ భార్యలు, అక్కచెల్లెళ్ళు, నలభయ్యో పడిలో ఉన్న కూతుళ్ళు, కోడళ్ళు ఉన్నారు. వారందరూ పడే, ఎవరూ పైకి చెప్పుకోని ఒక బాధ గురించి రాయాలని నిశ్చయించుకున్నాను. నలభై అయిదు దాటాక ఋతుక్రమం ఆగిపోవడం, దానితోపాటు వచ్చే వేడి ఆవిర్లు, నిద్రలేమి, గడ్డం మీదా పై పెదవి మీదా మొలిచే ముతక వెంట్రుకలు – ఇదీ విషయం.

ఒక మగవాడు, అందులోనూ డెబ్బై దాటిన గుమాస్తా, ఈ సంగతి రాయడమేమిటని కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఉన్న రోజుల్లో మహిళా ఉద్యోగుల సెలవు దరఖాస్తులు ఎన్నో నా బల్ల మీదుగా వెళ్ళాయి. ఆ వయస్సువారి దరఖాస్తుల్లో తరచు కనిపించే కారణం "ఒంట్లో నలతగా ఉన్నందున" అని. ఆ నలత ఏమిటో వారు రాయలేదు, మేము అడగలేదు. ఆఫీసులో సరే, ఇంట్లో కూడా నేను అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం. మా ఆవిడ అనుమతి తీసుకునే రాస్తున్నాను. "రాయండి, నా పేరు మాత్రం వేయకండి" అంది.

పేరు ఎప్పుడు వచ్చింది?

స్త్రీలకు ఒక వయస్సులో ఋతుస్రావం ఆగిపోతుందని పూర్వులకు తెలియనిది కాదు. అది పన్నెండేళ్ళకు మొదలై ఏభై ఏళ్ళకు క్షీణిస్తుందని సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఉంది. చాలామందికి నలభై ఏళ్ళ ప్రాంతంలో ఆగుతుందనీ, కొందరికి ఏభై వరకూ సాగుతుందనీ గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. మన పల్లెల్లో "ముట్లుడిగాయి" అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు. అది జబ్బు అని ఎవరూ అనుకోలేదు. అది మంచిదే. కానీ అందులో బాధ ఉంటుందని కూడా ఎవరూ గుర్తించలేదు.

ఈ దశకు "మెనోపాజ్" అన్న పేరు ఫ్రాన్సు దేశపు వైద్యుడు ద గార్దాన్ పెట్టినది. 1821లో ఆ పేరుతోనే ఆయన ఒక గ్రంథం ప్రచురించాడు. గ్రీకు భాషలో "నెల", "ఆగడం" అనే రెండు మాటలు కలిసి ఈ పదం అయింది. 1857లో లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టిల్ట్ ఈ వయస్సులో వచ్చే బాధలన్నింటినీ వరుసగా నమోదు చేస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం రాశాడు. ఆ కాలంలో దొరికిన చికిత్స నల్లమందు, జలగలు పట్టించడం వంటివే.

ఈనాడు వైద్యులు చెప్పే లెక్క ఏమిటంటే, వరుసగా 12 నెలలు బహిష్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్లు. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్ళకు వస్తే, మన దేశంలో 46, 47 ఏళ్ళకే వస్తున్నది. అంటే మన ఉద్యోగినుల్లో చాలామంది పదేళ్ళకు పైగా సర్వీసు మిగిలి ఉండగానే ఈ దశను దాటుతారన్నమాట.

లోపల జరిగేదేమిటి?

అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. మెనోపాజ్ దశలో అది బాగా తగ్గిపోతుంది. ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం మెదడులో ఉంది. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఆ కేంద్రం చిన్న మార్పుకే కంగారుపడి, ఒళ్ళు వేడెక్కిందనుకుని చెమటలు పట్టిస్తుంది. వేడి ఆవిర్లంటే ఇవే. ఇవి ఏదో ఆరు నెలల ముచ్చట కాదు. అమెరికాలో స్త్రీలను ఏళ్ళ తరబడి గమనించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చేవారిలో సగంమందికి ఈ బాధ 7 సంవత్సరాలకు పైగా ఉంటున్నది.

ఇక వెంట్రుకల సంగతి. స్త్రీల శరీరంలో కూడా కొద్దిపాటి పురుష హార్మోన్లు ఉంటాయి. వాటిని ఆండ్రోజన్లు అంటారు. మెనోపాజ్ వచ్చాక ఈస్ట్రోజన్ ఒక్కసారిగా తగ్గితే, ఆండ్రోజన్లు మెల్లగా తగ్గుతాయి. త్రాసులో ఒక పళ్ళెం తేలికైతే రెండోది దానంతటదే కిందికి దిగుతుంది గదా, అలాగన్నమాట. దానితో గడ్డం మీద, పై పెదవి మీద ఉన్న నూగు కొన్నిచోట్ల ముదిరి గట్టి వెంట్రుక అవుతుంది. అదే సమయంలో తలమీది జుట్టు పలచబడుతుంది. ఇందులో ఆ స్త్రీ తప్పేమీ లేదు, ఆడతనానికి లోటూ లేదు.

మాత్రలు వచ్చిన దారి

1889లో బ్రౌన్ సెకార్ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త తన 72వ ఏట జంతువుల వృషణాల రసాన్ని సూదిమందుగా తీసుకుని, తనకు యౌవనం వచ్చినట్లుందని ప్రకటించాడు. అది భ్రమేనని తర్వాత తేలింది గానీ, గ్రంథుల రసాలతో వైద్యం చేయవచ్చునన్న ఆలోచన మాత్రం ప్రపంచమంతా పాకింది. పది సంవత్సరాలు తిరక్కుండానే జంతువుల అండాశయాల పొడి స్త్రీలకు మందుగా వచ్చింది. అసలు హార్మోను జాడను 1923లో అమెరికాలో అలెన్, డాయిజీ అనే ఇద్దరు పట్టుకున్నారు. 1929లో డాయిజీ, జర్మనీలో బుటెనాంట్ వేరువేరుగా ఒక ఈస్ట్రోజన్‌ను శుద్ధరూపంలో రాబట్టారు. 1942లో అమెరికా బజారులోకి ప్రెమరిన్ అనే మాత్ర వచ్చింది. చూలుతో ఉన్న ఆడగుర్రాల మూత్రం నుంచి తీసిన మందది. ఆ పేరు కూడా ఆ ఇంగ్లీషు మాటల ముక్కలు కలిపి పెట్టినదే.

1966లో న్యూయార్క్ వైద్యుడు రాబర్ట్ విల్సన్, స్త్రీ శాశ్వతంగా స్త్రీగానే ఉండవచ్చునని ఊరిస్తూ ఒక పుస్తకం రాశాడు. మెనోపాజ్ ఒక లోపరోగమనీ, దానికి జీవితాంతం హార్మోను వాడాలనీ ఆయన వాదం. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ పుస్తకానికి మందుల కంపెనీ డబ్బు సాయం అందిందని ఆయన కుమారుడే 2002లో బయటపెట్టాడు. ఈలోగా 1975లో ఒక వైద్యపత్రికలో రెండు పరిశోధనలు ఒకేసారి వెలువడ్డాయి. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడిన స్త్రీలకు గర్భసంచి లోపలి పొర కాన్సర్ వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా అని ఒకటి, ఏడు రెట్లకు పైగా అని మరొకటి తేల్చాయి. అప్పటినుంచి గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టిన్ అనే రెండో హార్మోనును కలిపి ఇవ్వడం నియమమైంది.

2002 – ఒక వార్త, ఒక ఇల్లు

అమెరికా ప్రభుత్వం 1991లో ప్రారంభించిన బృహత్తర మహిళా ఆరోగ్య పరిశోధనలో ఒక భాగంగా, 50 నుంచి 79 ఏళ్ళ మధ్యనున్న 16,608 మంది స్త్రీలకు ఈ రెండు హార్మోన్లో, ఉత్తుత్తి మాత్రలో ఇచ్చి గమనించారు. ఎనిమిదిన్నరేళ్ళు సాగవలసిన ఆ పరిశీలనను 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు. హార్మోన్లు వాడినవారిలో రొమ్ము కాన్సర్ 26 శాతం ఎక్కువ అన్న వార్త ప్రపంచమంతటా పత్రికలకెక్కింది.

ఆ రోజు పేపరు మా ఇంటికీ వచ్చింది. అప్పటికి మా ఆవిడ వయస్సు 48. రాత్రిళ్ళు రెండు, మూడు సార్లు లేచి వరండాలో గచ్చుమీద కూర్చునేది. చన్నీళ్ళతో మొహం కడుక్కునేది. చిన్న మాటకే చిరాకుపడేది. నేను దాన్ని కోపమనే అనుకున్నాను. చివరికి తనే లేడీ డాక్టరు దగ్గరికి వెళితే హార్మోను మాత్రలు రాశారు. ఏడాదిగా వాడుతున్నది, నిద్ర పడుతున్నది. ఆ వార్తను పైకి చదివి వినిపించినవాణ్ణి నేనే. ఆ రాత్రే మాత్రలు చెత్తబుట్టలో పడ్డాయి. డాక్టరును ఒక్కమాట అడుగుదామని ఆమె అనలేదు, అడగమని నేనూ చెప్పలేదు. తర్వాత అయిదారేళ్ళు మళ్ళీ ఆ వరండా, ఆ చన్నీళ్ళే.

జీతాల బిల్లులు, డి.ఏ. బకాయిలు లెక్కవేసి బతికినవాణ్ణి. "దేనిమీద 26 శాతం?" అన్న ప్రశ్న నాకు తట్టకపోవడం ఈనాటికీ చిన్నతనంగానే ఉంది. అసలు లెక్క ఇది: మాత్రలు వాడని పదివేలమందిలో సంవత్సరానికి 30 మందికి రొమ్ము కాన్సర్ వస్తే, వాడిన పదివేలమందిలో 38 మందికి వచ్చింది. అంటే పదివేలకు 8 మంది ఎక్కువ. పక్షవాతం కూడా 8 మందికి ఎక్కువ. తుంటి ఎముక విరగడం 5 మందికి, పెద్దపేగు కాన్సర్ 6 మందికి తక్కువ. పైగా ఆ పరిశీలనలో స్త్రీల సగటు వయస్సు 63. అంటే ఎక్కువమంది మెనోపాజ్ దాటి చాలా ఏళ్ళయినవారు. 48 ఏళ్ళ మనిషికి ఆ లెక్క యథాతథంగా వర్తించదు. ఆ విషయం వైద్యలోకం స్పష్టంగా చెప్పడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. ముప్పు లేదని కాదు. ముప్పెంత, మేలెంత అని డాక్టరు దగ్గర కూర్చుని తేల్చుకోవలసిందని నా మనవి. 60 ఏళ్ళలోపువారికి, లేదా ముట్లు ఆగి 10 ఏళ్ళు దాటనివారికి, ఆవిర్లు తీవ్రంగా ఉండి, రొమ్ము కాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం వంటివి లేకపోతే, హార్మోన్ల వల్ల ముప్పు కంటే మేలే ఎక్కువని ఈనాటి నిపుణుల మాట.

వెంట్రుకల వెనక వ్యాపారం

ఆవిర్లు దాచుకోవచ్చు. ముఖాన మొలిచిన వెంట్రుకను దాచడం కష్టం. అందుచేత దీని చరిత్ర ఇంకా బాధాకరమైనది. మన ఇళ్ళలో పసుపు, సున్నిపిండి నలుగు తరతరాల ఆచారం. సుశ్రుతుడు శంఖచూర్ణం రెండు భాగాలు, హరిదళం ఒక భాగం చొప్పున కలిపి వెంట్రుకలు రాల్చే పూత చెప్పాడు. పర్షియా, తురుష్క దేశాల స్నానశాలల్లోనూ హరిదళం, సున్నం కలిపిన పూతనే వాడేవారు. హరిదళం అంటే పాషాణ జాతి. అంటే పూర్వం నుంచీ ఇది నిప్పుతో చెలగాటమే.

1875లో అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు కంటి వైద్యుడు చార్లెస్ మిషెల్, కంట్లోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కుదుళ్ళను విద్యుత్తు ప్రవహించే సూదితో నశింపజేసే పద్ధతిని ప్రచురించాడు. అదే ఎలక్ట్రాలిసిస్. కొద్దికాలానికే దాన్ని ముఖంమీది వెంట్రుకలకు వాడసాగారు. ఒక్కొక్క వెంట్రుకకు ఒక్కొక్క పోటు. ఆలస్యమైన పనే గాని నమ్మదగినది.

ఆలస్యం ఓర్చుకోలేనివారికి ఎక్స్‌రే దొరికింది. రాంట్‌జన్ 1895 చివర ఎక్స్‌రేలు కనుగొంటే, 1896లోనే వియన్నా వైద్యుడు ఫ్రాయిండ్ ఒక చిన్నపిల్ల వీపుమీద వెంట్రుకలతో కూడిన పుట్టుమచ్చకు వాటిని ప్రయోగించాడు. వెంట్రుకలు రాలాయి, తర్వాత పుండ్లు పడ్డాయి. అయినా 1920 దశకంలో న్యూయార్క్ వైద్యుడు ఆల్బర్ట్ గైజర్ "ట్రైకో" అనే ఎక్స్‌రే యంత్రాన్ని బ్యూటీపార్లర్లకు ఇచ్చాడు. డాక్టర్లు కాదు, కొద్దిపాటి తర్ఫీదు పొందినవారు దాన్ని నడిపారు. నొప్పి లేదు, మచ్చ లేదు అని ప్రకటనలు. వేలాది స్త్రీలు ముఖాలు అప్పగించారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. 1929 నాటికి అమెరికా వైద్యసంఘం హెచ్చరించింది, త్వరలోనే ఆ వ్యాపారం మూతపడింది. కానీ చర్మం ముడుచుకుపోవడం, మానని పుండ్లు, కాన్సర్లు – ఇవి ఏళ్ళ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది ఆలస్యంగా డాక్టర్ల దగ్గరికి వెళ్ళారు.

తర్వాత వచ్చింది కొరెమ్లు అనే క్రీము. అందులో ఉన్నది థాలియం, అంటే ఎలుకలమందులో వాడే విషం. అది రాసుకున్నవారికి మూతిమీది వెంట్రుకలతోపాటు తలమీది జుట్టూ ఊడింది. నరాలు దెబ్బతిన్నాయి, కాళ్ళు చచ్చుబడ్డాయి, చూపు మందగించింది. పరిహారం దావాలతో 1932లో కంపెనీ దివాలా తీసింది. అప్పటి అమెరికా చట్టం 1906 నాటిది, అందులో సౌందర్య సాధనాల ఊసే లేదు. అధికారులు ఇటువంటి సరుకులన్నీ పోగుచేసి 1933లో ప్రదర్శన పెట్టగా, 1938లో కొత్త చట్టం వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు! మన దేశంలో 1940 నాటి ఔషధాల చట్టంలోకి సౌందర్య సాధనాలను 1962 సవరణ ద్వారా చేర్చారు. ఋతు సంబంధమైన బాధలను నయం చేస్తామని మందుల ప్రకటనలు వేయడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. చట్టం ఉంది, ప్రకటనలూ ఉన్నాయి.

మా ఆవిడ అలాంటి ప్రకటన ఒకటి చూసి తెప్పించుకున్న క్రీముతోనే గడ్డం కింద చర్మం కమిలింది. నేను అడిగితే "పోపు పెడుతుంటే నూనె చింది పడింది" అంది. నమ్మాను. మధ్యాహ్నాలు కిటికీ దగ్గర, తలుపుకు వీపు పెట్టి, చిన్న అద్దం, ముళ్ళు తీసే శ్రావణం పట్టుకుని కూర్చునేదని మా అమ్మాయికి తెలుసు గాని నాకు తెలియదు. చివరికి ఆ అమ్మాయే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషి నా దగ్గర దాచిందంటే, తప్పు దాచినవారిది కాదు, చెప్పుకునే చోటు లేకుండా చేసినవారిది.

ఒక మందు రెండు ముఖాలు

ఈ చరిత్రలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది ఎఫ్లోర్నిథిన్ అనే మందు కథ. ఆఫ్రికాలో ఈగ కాటు వల్ల వచ్చే నిద్రజబ్బు మనిషిని చంపుతుంది. దానికి మందుగా దీన్ని 1990లో అమెరికాలో ఆమోదించారు. స్మారకం తప్పినవారు కూడా లేచి కూర్చోవడంతో దాన్ని చావు నుంచి లేపే మందు అన్నారు. కానీ ఆ రోగులు నిరుపేదలు. లాభం లేదని కొద్ది సంవత్సరాలకే తయారీ ఆపేశారు. తీరా అదే మందు ముఖంమీది వెంట్రుకల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందని తెలిసి, 2000లో క్రీముగా అమెరికాలో అనుమతి పొందింది. సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టుబట్టగా, 2001లో నిద్రజబ్బు కోసం సూదిమందు తయారీ మళ్ళీ మొదలైంది. ప్రాణానికి దొరకని మందు గడ్డానికి దొరికింది. అయినా ఆ గడ్డం గల స్త్రీలను నిందించను. వారి బాధకు వెల కట్టగలిగారు, అంతే.

మన రాష్ట్రాల మాట

మన తెలుగునాట మరో ముప్పుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముప్పై అయిదేళ్ళ మనిషికి కూడా మెనోపాజ్ మరునాడే వచ్చేస్తుంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లోగా అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. "పిల్లలు పుట్టారుగా, ఇంక గర్భసంచి ఎందుకు" అనే మాట మన ఇళ్ళలో వినబడితే, రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోనిదే సంతకం పెట్టవద్దు.

ఈనాడు చేయదగినవి

హార్మోన్లు పనికిరానివారికి ఆవిర్లు తగ్గించే ఇతర మందులున్నాయి. ఫెజోలినెటాంట్ అనే హార్మోను కాని మాత్రకు 2023లో అమెరికా అనుమతి లభించింది. దానికి కాలేయ పరీక్షలు అవసరమన్న గట్టి హెచ్చరికను 2024లో జతచేశారు. అందుచేత ఏదైనా డాక్టరు చెప్పాకనే. ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి.

గొరిగితే వెంట్రుక ముదురుతుందన్నది అపోహ. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ పరీక్షించి కాదని తేల్చింది. లేజర్ నల్లని వెంట్రుకపైనే బాగా పనిచేస్తుంది. మన వయస్సులో తెల్లబడిన వెంట్రుకకు అది పనికిరాదు, ఎలక్ట్రాలిసిస్సే మార్గం. ముందుగా డబ్బు కట్టించుకునేచోట ఈ సంగతి అడగండి. అన్నిటికంటె ముఖ్యం: వెంట్రుకలు కొద్ది నెలల్లోనే ఒక్కసారిగా దట్టంగా పెరిగినా, గొంతు బొంగురుపోయినా అది అందం సమస్య కాదు. అండాశయంలోగాని, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథిలోగాని గడ్డ ఉండే అవకాశం ఉంది. ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి.

సోదర సభ్యులకు ఒక మాట. మనం సర్వీసులో ఏ కాగితం వచ్చినా "కారణం తెలుపవలెను" అని రాసి వెనక్కి పంపినవాళ్ళం. ఇంట్లో మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటే మాత్రం కారణం అడగలేదు. ఇప్పుడైనా అడుగుదాం. మన వంతు దాటిపోయి ఉండవచ్చు. మన అల్లుళ్ళకూ, కొడుకులకూ అయినా చెబుదాం. మొన్న మా అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదని ఫోనులో అంటే, మా ఆవిడ ఫోను నా చేతికిచ్చి, "మీరే చెప్పండి, మీకు తెలుసుగా" అంది. తెలిసినంత చెప్పాను. వారం తిరక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్ళింది, అల్లుడు వెంట వెళ్ళాడు.

స్వస్తి.